లేపాక్షి కప్పు మీద ఇసక

లేపాక్షి చూసి వచ్చినవాళ్ళు చెప్పే సంగతులు మీరు వినే వుంటారు. వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి అవతల నుంచి లాగడం, ఏకశిలా నంది పక్కన నిలబడి ఫొటో దిగడం, నాగలింగం చుట్టూ ప్రదక్షిణం చేయడం. నేనీమధ్య రెండుసార్లు లేపాక్షి వెళ్ళి వచ్చాను గాని స్తంభం దగ్గరకు పోనేలేదు. యిరవై యేడడుగుల నందిని కూడా ఆటోలోంచే చూసి దణ్ణం పెట్టుకున్నాను. నాకు కావలసింది గుడి కప్పు. ఆ కప్పులో ఒక బొమ్మ. ఆ బొమ్మ కట్టుకున్న చీర అంచు.

నన్ను పంపించినవాడు మా మామ. ధర్మవరంలో వుంటాడు. డెబ్బయ్యెనిమిదేళ్ళు. పట్టుచీరలకు గ్రాఫు గీయడం ఆయన వృత్తి. యిప్పుడా పని కంప్యూటరు మీద చేసేవారున్నారు గాని, మామ మాత్రం చెక్కిన పెన్సిలుతో, గళ్ళ కాగితం మీదనే గీస్తాడు. నిలువు గడి ఒక పడుగు పోగు, అడ్డగడి ఒక పేక పోగు. ఒక్కొక్క అడ్డవరసకు ఒక్కొక్క అట్ట కొడతారు. ఆ అట్టల దండ జాకార్డు మీద తిరుగుతూ వుంటే కింద మగ్గంలో అంచు పడుతుంది. గడి తప్పిందా, చీరంతా తప్పుతుంది. అది ప్రతి జానెడుకూ ఒకసారి ఆయన్ని వెక్కిరిస్తుంది.

మాఘమాసంలో మనవరాలి పెళ్ళి. ఆ పిల్ల పెళ్ళిచీరకు అంచు తానే గీయాలని ముసలాయన పట్టుదల. చిన్నతనంలో తండ్రి వెంట లేపాక్షి పోయి చూసిన అంచు ఒకటి ఆయన మనసులో వుండిపోయింది. కాగితం మీద పెడదామంటే గీతల లెక్క గుర్తు రావడం లేదు. తానే పోదామంటే మెడ యెముకలు అరిగిపోయాయి.

"డాక్టరు తల పైకెత్తొద్దన్యాడు. తల ఎత్తకుండా కప్పును ఎట్ల జూసేదిరా? నీ దగ్గిర పెద్ద కెమేరా వుండాది గదా. ఆ అంచును కిందికి దింపి తెచ్చియ్యి నాకు," అన్నాడు మామ.

దసరా లోపల గ్రాఫు పూర్తి కావాలి. తర్వాత అట్టలు, ఆ తర్వాత మగ్గం. శ్రావణంలో బయలుదేరాను.

ధర్మవరం నుంచి బెంగుళూరు వైపు పోయే రైలెక్కితే పెనుకొండ దాటాక హిందూపురం వస్తుంది. పెనుకొండ దగ్గర కిటికీలోంచి ఆ కొండను చూస్తూ కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. విజయనగర రాజుల కాలంలో యిదే పెద్ద పట్టణం. లేపాక్షి గుడి కట్టించిన విరుపణ్ణ యిక్కడే కోశాధికారి అని చెబుతారు. హిందూపురంలో దిగితే తుంపర పడుతూ వుంది. అక్కడి నుంచి లేపాక్షి పదిహేను కిలోమీటర్లు. బస్సులున్నాయి గాని, వొళ్ళో కెమేరా సంచి వుంది గనక ఆటో మాట్లాడుకున్నాను.

గుడి కూర్మశైలం మీద వుంది. కొండ అంటే కొండ కాదు, తాబేలు వీపులాంటి బండ. దాని మీద ప్రాకారం, లోపల వీరభద్రస్వామి. అచ్యుతదేవరాయలు రాజ్యం చేసినది 1529 నుంచి 1542 దాకా. ఆ రోజుల్లోనే విరుపణ్ణ, తమ్ముడు వీరణ్ణ దీన్ని కట్టించారు. రాజుగారి సొమ్ము చెప్పకుండా ఖర్చు పెట్టాడన్న నింద వచ్చి విరుపణ్ణ తన కళ్ళు తానే పెరికి గోడకు విసిరాడని కథ. పూర్తికాని కల్యాణ మండపం దగ్గర గోడ మీద రెండు ఎర్రటి మరకలు చూపిస్తారు. కథ నిజమో కాదో నాకు తెలియదు గాని, కళ్ళు అప్పగించిన వూరికి నేను కళ్ళ పని మీదనే వెళ్ళాను.

నాట్యమండపంలో అడుగు పెడితే ఎండకాలంలో కూడా చల్లగా వుంటుంది. ఆనాడు మబ్బు కూడా తోడయింది. తలెత్తితే కప్పు నిండా బొమ్మలే. సున్నపు పూత మీద ఖనిజపు రంగులు: కావి, పసుపు, తెలుపు, ఆకుపచ్చ, వీటికి నల్లటి గీత. పార్వతీ కల్యాణం, కిరాతార్జునం, ద్రౌపదీ స్వయంవరం, దూడకు న్యాయం చెప్పిన చోళరాజు కథ. పొడుగాటి కుళ్ళాయిలు పెట్టుకున్న విరుపణ్ణ, వీరణ్ణ కూడా వున్నారు. మర్రి ఆకు మీద పడుకున్న బాలకృష్ణుడి కళ్ళు మనమెటు నడిస్తే అటు చూస్తాయి. నాకు మాత్రం ఆడవాళ్ళ చీరలే కనిపించాయి. గళ్ళ చీరలు, చారల చీరలు, చుక్కల చీరలు. నాలుగు శతాబ్దాలు దాటినా యీ చీరలు యింకా పాతబడలేదు. మామ చెప్పిన అంచు పార్వతీ కల్యాణంలో వరసగా నిలుచున్న స్త్రీలలో ఒకామెది. సన్నగీతలు, మధ్య చుక్కల బారు, మళ్ళీ సన్నగీతలు.

వెలుతురు చాలదు. ఫ్లాషు వాడకూడదు, బొమ్మలకు చేటు, వాడినా కప్పంతా తెల్లబారి రంగు చస్తుంది. మూడుకాళ్ళ స్టాండు వేయాలంటే పురావస్తు శాఖవారి అనుమతి ముందుగా తెచ్చుకోవాలి, నేను తెచ్చుకోలేదు. కెమేరాలో ఐ.ఎస్.ఓ. 6400కు పెంచి, సెకనులో ముప్ఫయ్యో వంతు వెలుతురిచ్చి, వూపిరి బిగబట్టి నలభై ఫొటోలు కొట్టాను. కెమేరా వెనక చిన్న అద్దంలో చూస్తే కప్పు దిగివచ్చినట్టే వుంది. అక్కడి కొబ్బరినీళ్ళు తాగి, పని జయప్రదమైందని సంతోషించి హైదరాబాదు చేరాను.

అక్కడ ఒక స్టూడియోలో ముందు పోస్టుకార్డు సైజు ప్రింటు తీయించాను. అద్దంలా వుంది. దాంతో ధైర్యం వచ్చి అదే ఫొటోను యిరవై యించీలు, ముప్ఫై యించీలు పెద్దది చేయమన్నాను. ప్రింటు చేతికి వచ్చాక చూద్దును గదా, కప్పంతా ఎవరో ఇసక చల్లినట్టుంది. కావిరంగు మీద నీలం, ఆకుపచ్చ నలుసులు. సన్నగీతలు ఆ ఇసకలో కూరుకుపోయాయి.

"నాయిస్ సార్," అన్నాడు కుర్రవాడు, చాలా మామూలుగా. "క్లీన్ చేసి యిస్తాను. యిప్పుడు కృత్రిమ మేధ వచ్చింది గదా, నిమిషం పని."

నిమిషం పనే. రెండో ప్రింటు పాలమీగడలా నున్నగా వచ్చింది. అమ్మయ్య అనుకున్నాను. అయినా యెందుకో మొదటి ప్రింటు కూడా పారేయకుండా రెండూ కలిపి చుట్టి ధర్మవరం తీసుకుపోయాను.

మామ యింట్లో చాప మీద నున్నటి ప్రింటు పరిచాం. అత్త కాఫీ తెచ్చి, "ఎంత బాగుండాదో!" అని అక్కడే నిలబడిపోయింది. మామ ఏమీ అనలేదు. భూతద్దం తీసి, వంగి, అంచు మీద ఆనించి, పెదవులు కదుపుతూ లెక్క పెట్టడం మొదలుపెట్టాడు. పోగులు లెక్కపెట్టే అలవాటు గల మనిషి. రెండుసార్లు లెక్కపెట్టి తలెత్తకుండానే అడిగాడు.

"ఏంరా, యీడ మూడు గీతలు, ఆడ రెండే గీతలు. ఒకే అంచు గదా. దారిలో ఒక గీత ఎక్కడికి పాయె?"

నేను చూశాను. నిజమే. మూడు గీతలు మెల్లగా కలిసిపోయి రెండయ్యాయి. మామ వేలు యింకొంచెం జరిగి ఒకచోట ఆగింది.

"యీడ సున్నం రాలిపోయి బొటనవేలంత గుంట వుండాలప్పా. నేను మా నాయినతో పోయినప్పుడే రాలి వుండె. దీన్ని ఎవరు పూడ్చినారు?"

ఇసక ప్రింటు తీసి పక్కన పరిచాం. ఆ నలుసుల మధ్య కళ్ళు చికిలించుకుని చూస్తే గుంట కనిపించింది. నున్నటి ప్రింటులో గుంట లేదు. గీతలు దాని మీదుగా తిన్నగా సాగిపోయాయి. యంత్రం ఇసకను తుడిచింది, యేది ఇసకో యేది గీతో తేలనిచోట తనకు తోచినట్టు కలిపేసింది. రాలిన సున్నాన్ని కూడా మరకే అనుకుంది కాబోలు. మామ రెండు ప్రింట్లనూ మార్చి మార్చి చూసి, ఇసక ప్రింటు మీద చెయ్యి వేశాడు.

"యిది గుడ్డిది. అది అబద్ధాలకోరు. గుడ్డిదాన్నైనా నమ్మొచ్చు గాని లెక్కకు పనికిరాదు." కాసేపాగి, "నాయిస్ అంటే చప్పుడు గదరా? బొమ్మలో చప్పుడేంది?" అన్నాడు.

ఆ ప్రశ్న నాకూ వచ్చిందే. యీ మాట రేడియో, టెలిఫోను వాళ్ళ దగ్గర నుంచి వచ్చింది. రేడియోలో రెండు స్టేషన్ల మధ్య గరగర వినిపించేది గుర్తుందా? అక్కడ పాట లేదు, గొంతు పెంచినకొద్దీ గరగరే పెరిగేది. కెమేరాలో ఐ.ఎస్.ఓ. పెంచడం కూడా అలాంటిదే. దానివల్ల కెమేరా కంటికి వెలుతురు యెక్కువ పడదు. పడిన కాస్త వెలుతురునే గొంతు పెంచి చెప్పిస్తాం. పాటతోబాటు గరగర కూడా పెరుగుతుంది.

అసలు గరగర యెక్కడిది? మామకు వానతో చెప్పాను. పెరట్లో వెయ్యి గిన్నెలు బోర్లించకుండా వరసగా పెట్టావనుకో. తుంపర పడితే ఒకదాంట్లో మూడు చుక్కలు, పక్కదాంట్లో ఆరు, ఆ పక్కదాంట్లో ఒకటి. జడివాన కురిస్తే అన్నీ యించుమించు ఒకే మట్టానికి నిండుతాయి. వెలుతురు కూడా చుక్కలు చుక్కలుగానే పడుతుంది. సగటున నూరు చుక్కలు పడేచోట పది అటూయిటూ అవుతాయి, అంటే నూటికి పది. పదివేలు పడేచోట నూరు అటూయిటూ అవుతాయి, అంటే నూటికి ఒకటే. చీకటి గుడిలో సెకనులో ముప్ఫయ్యో వంతు సేపు గిన్నెలు పెడితే పడేది తుంపరే. దానికి తోడు గిన్నెలను కొలిచే యంత్రం చేతివణుకు కొంత. సెల్‌ఫోను కెమేరాలో గిన్నెలు మరీ చిన్నవి గనక బాధ మరీ యెక్కువ. అందుకే రాత్రిపూట ఫోను ఒక ఫొటో అని చెప్పి గబగబా పది పదిహేను తీసి సగటు కడుతుంది. పదహారు కలిపితే గరగర నాలుగో వంతుకు దిగుతుంది. ఆ లెక్కంతా వర్గమూలాల లెక్క.

"మరి చిన్న కార్డులో బాగుండె గదా?" అన్నాడు మామ. మంచి ప్రశ్న. నా కెమేరా ఫొటోలో నిడివికి ఆరువేల గళ్ళు, అడ్డానికి నాలుగువేలు. వాటిని ఆరు యించీల కార్డు మీద కుదించితే యించీకి వెయ్యి గళ్ళవుతాయి. అచ్చుయంత్రం యించీకి మూడువందలు వేస్తే చాలు గనక పదీ పదకొండు గళ్ళను కలిపి ఒకటి చేస్తుంది. అక్కడే సగటు పడి ఇసక అణిగిపోతుంది. ముప్ఫై యించీలకు సాగదీస్తే యించీకి రెండువందల గళ్ళే. కలపడానికేమీ మిగలదు, ప్రతి నలుసూ తన ముఖం తాను చూపిస్తుంది. కెమేరా వెనక అద్దమూ, ఫోను తెరా మనల్ని మోసం చేసేది కూడా యిలాగే. నన్ను మోసం చేసినవి అవే.

మామకు గళ్ళ లెక్క నాకన్నా ముందే అర్థమైపోయింది. ఆయన జీవితమంతా గళ్ళే కదా.

భాద్రపదంలో మళ్ళీ వెళ్ళాను. యీసారి ముందురోజు రాత్రే హిందూపురంలో బస. లాడ్జిలో దోమలు, కింద హోటల్లో ఉగ్గాని బజ్జీ. దోమల్ని ఉగ్గాని మరిపించింది. తెల్లవారి గుడి తెరిచేసరికి నేనే మొదటివాణ్ణి. ఆకాశం నిర్మలంగా వుంది. కాస్త పొద్దెక్కాక ప్రాకారంలో బండల మీద ఎండ పడి, ఆ వెలుతురు స్తంభాల మధ్య నుంచి కప్పుకు తన్నింది. మొదటిసారి మబ్బులో మట్టిరంగుగా కనిపించిన కావి, యిప్పుడు తాంబూలం వేసుకున్న నోరులాగుంది.

స్టాండు లేదు. కాని కప్పును చూడడానికి స్టాండెందుకు? నేల వుంది గదా! యీ సంగతి మొదటిసారి తోచనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. తువ్వాలు నాలుగు మడతలు వేసి బండ మీద పరిచి, కెమేరాను వెల్లకిలా పడుకోబెట్టాను. ఐ.ఎస్.ఓ. 100. కిటికీ వెడల్పు మొదటిసారి పెట్టినంతే. వెలుతురు కూడా దాదాపు అంతే అని కెమేరా కొలిచి చెప్పింది. కంటికి మాత్రం యెంతో తేడాగా తోచింది. వెలుతురిచ్చే సేపు రెండు సెకన్లు. నా వేలు తగిలి కదలకుండా, మీట నొక్కాక పది సెకన్లు ఆగి దానంతటదే కొట్టేటట్టు పెట్టాను. లెక్క చూడండి: ముప్ఫయ్యో వంతు సెకనుకు, రెండు సెకన్లకు మధ్య అరవై రెట్లకు పైగా తేడా. అన్ని రెట్లు వానచుక్కలు గిన్నెల్లో పడతాయి. గరగర యెనిమిదో వంతుకు దిగుతుంది.

కాపలాదారు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. స్టాండు వేస్తున్నానేమోనని అనుమానం. నేల మీద పడుకున్న కెమేరాను చూసి, "ఏం సార్, నిద్రపుచ్చినారు?" అని నవ్వాడు. తర్వాత బడిపిల్లల బస్సు ఒకటి వచ్చింది. వాళ్ళు పరుగెత్తితే బండ అదురుతుందో లేదో గాని నా గుండె అదిరింది. ఆయనే వాళ్ళను రెండు నిమిషాలు అవతల నిలబెట్టి, "సారు కెమేరా లేచిందాకా వుండండి" అన్నాడు. పిల్లలందరూ నోరు మూసుకుని కప్పు వైపు చూశారు. బహుశా ఆ కెమేరా పడుకుని వుండకపోతే వాళ్ళు కప్పు చూడకుండానే వేలాడే స్తంభానికి పరుగెత్తేవారు. ఒక పిల్ల మాత్రం బాలకృష్ణుడి కింద అటూ యిటూ నడిచి, "నన్నే చూస్తాన్నాడు" అని ఫిర్యాదు చేసింది.

కెమేరాను నాలుగంగుళాలు జరపడం, కొట్టడం, మళ్ళీ జరపడం. అంచు మొత్తం పదకొండు ఫొటోల్లో వచ్చింది. నడుము పట్టేసింది.

హైదరాబాదులో అదే స్టూడియో, అదే కుర్రవాడు. ఫొటో చూసి, "యిది కూడా కొంచెం క్లీన్ చేస్తాను సార్" అన్నాడు. వద్దన్నాను. రంగు నలుసులేవైనా వుంటే అవి మాత్రం తీసేయమని, మిగతాది ముట్టుకోవద్దనీ, గీతలకు పదును పెట్టే మీట కూడా నొక్కవద్దనీ చెప్పాను. పదును పెడితే గీతతోబాటు నలుసుకూ పదును వస్తుంది. కాగితం మెరుపుది కాకుండా మట్టుది తీసుకున్నాం. మెరుపు కాగితం మీద ప్రతి నలుసూ కనిపిస్తుంది, పైగా మామ భూతద్దానికి దీపం వెలుతురు తిరిగి కొడుతుంది. కుర్రవాడికి నా మీద జాలి వేసినట్టుంది. అయినా చెప్పినట్టే చేశాడు.

ప్రింటులో కొంచెం గరుకు మిగిలింది. అందులో కెమేరాది యెంతో, సున్నపు గోడది యెంతో చెప్పడం నా తరం కాలేదు. చెప్పాలంటే ఆ గరుకు వుండబట్టే అది గోడలా వుంది. పాత ఫిల్ము ఫొటోల్లో వెండి రవ్వలు కనిపించేవి, అవి యెవరికీ తప్పనిపించలేదు. యీ మధ్యనే మనకు నునుపు మీద మోజు పెరిగింది. పెళ్ళి ఆల్బముల్లో ముఖాలు చూడండి, మైనపు బొమ్మల్లా వుంటాయి.

ధర్మవరంలో మామ మళ్ళీ భూతద్దం పట్టాడు. నేను గోడకానుకుని పరీక్ష రాసిన పిల్లవాడిలా కూర్చున్నాను. అంచు పొడుగునా మూడు గీతలూ మూడుగానే వచ్చాయి. గుంట దగ్గర గుంట వుంది. గుంట అవతల గీతలు మళ్ళీ మొదలయ్యాయి. అంతలో ఆయన వేలు ఒకచోట ఆగిపోయింది.

"యీ ఎర్రచుక్క యేందిరా? అంచులో లేదే. ఒక్కటే వుండాది."

నా గుండె జారింది. మిగతా ఫొటోల ప్రింట్లు కూడా తీసి పరిచాం. అంచు ఒక్కొక్కదాంట్లో ఒక్కొక్కచోట వుంది గాని, ఆ ఎర్రచుక్క మాత్రం ప్రతి కాగితంలోనూ యెడమ మూలకు అదే దూరంలో వుంది. అది గోడది కాదు, కెమేరాది. ఎక్కువసేపు వెలుతురిస్తే కెమేరా కంటిలో కొన్ని గళ్ళు కారణం లేకుండా తామే వెలుగుతాయి. మూత పెట్టి అంతేసేపు ఒక చీకటి ఫొటో తీసి దీంట్లోంచి తీసివేస్తే పోతుంది. ఆ మీట నా కెమేరాలో వుంది. నేను నొక్కడం మరిచాను.

"తొర్రిపన్ను," అన్నాడు మామ. పెన్సిలుతో దాని చుట్టూ సున్న చుట్టి, యిది నేయగూడదు అని పక్కన చిన్న అక్షరాలతో రాసుకున్నాడు.

తర్వాత నన్ను మరిచిపోయాడు. గళ్ళ కాగితం పరిచి, నాలుగు మూలలా నూలు కండెలు పెట్టి, పెన్సిలు చెక్కాడు. అత్త ఫ్యాను ఆపింది. ఆ వుక్కలో ముగ్గురం చెమటలు కక్కుతూ కూర్చున్నాం. ఒకటి, రెండు, మూడు, చుక్క, ఖాళీ, చుక్క. సాయంత్రం దీపాలు పెట్టేవేళకు జానెడు అంచు కాగితం మీదికి దిగింది. నున్నటి ప్రింటు అత్తకు బాగా నచ్చింది గనక ఆవిడ దాన్ని దేవుడి గదిలో గోడకు అంటించుకుంది. మామ అటుగా పోయినప్పుడల్లా ఆ పూడ్చిన గుంట వైపు ఒకసారి చూసి పోతున్నాడు.

మహాలయ అమావాస్యకు రెండు రోజుల ముందు గ్రాఫు పూర్తయింది. అట్టలు కొట్టే ఆయన వూళ్ళో లేడట, సోమవారం వస్తాడని కబురు చేశారు. చుట్ట చుట్టిన గ్రాఫును మామ బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.